తప్పు వేలిది కాదు

2019 ఏప్రిల్ 11. నిజామాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో ఓటు వేయడానికి వెళ్లినవాళ్లకు పోలింగ్ గదిలో ఒకటి కాదు, రెండు కాదు, పన్నెండు బ్యాలెట్ యూనిట్లు ఎదురయ్యాయి. పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కోసం అడిగి అడిగి విసిగిపోయిన రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. నోటాతో కలిపితే 186 మీటలు. ఒక్కో యూనిట్ మీద పట్టేవి పదహారే. పాత రకం యంత్రాలను నాలుగుకు మించి కలపడం కుదరదు కాబట్టి, 24 దాకా కలపగలిగే ఎం3 రకం తెప్పించారు.

ఆ గదిలోకి వెళ్లినవాళ్లలో బడి మొహం చూడనివాళ్లు ఉన్నారు, చత్వారం వచ్చినవాళ్లు ఉన్నారు, మొదటిసారి ఓటేస్తున్న పిల్లలూ ఉన్నారు. అన్ని పెట్టెల మధ్య తమ గుర్తు ఎక్కడుందో వెతుక్కున్నారు, నొక్కారు, బయటికొచ్చి వేలి మీద సిరా చూసుకున్నారు.

ఆ రోజుల్లో వార్తలన్నీ అభ్యర్థుల సంఖ్య గురించే. నా ఆలోచన మాత్రం ఆ పెట్టె చుట్టూ తిరిగింది. పేరు పక్కన గుర్తు, గుర్తు పక్కన నీలం మీట. నొక్కగానే అక్కడే ఎర్ర దీపం. వీవీప్యాట్ అద్దం వెనక ఏడు సెకన్లు నిలిచే చీటీ. పొడుగ్గా ఒక బీప్. చూపు లేనివాళ్లకు మీట పక్కనే బ్రెయిలీలో అంకె. ఒకసారి ఎవరైనా చూపిస్తే చాలు, రెండోసారి అడగనక్కర్లేదు. పొరపాటున రెండోసారి నొక్కినా ఫలితం ఉండదు, అధికారి తన దగ్గరున్న యూనిట్‌లో బ్యాలెట్ మీట నొక్కేదాకా యంత్రం ఇంకో ఓటు తీసుకోదు.

అది దానంతటదే అంత తేలిగ్గా అయిపోలేదు. తొలి నమూనాను 1979లో మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారు చేసింది. 1982లో కేరళలోని పరవూరు అసెంబ్లీ ఎన్నికలో మొదటిసారి వాడారు. తర్వాత బెంగళూరులోని బీఈఎల్ కూడా తయారీలోకి వచ్చింది. ఆ యంత్రానికి రూపం ఇచ్చినవాళ్లు ఐఐటీ బొంబాయిలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అధ్యాపకులు ఏజీ రావు, రవి పూవయ్య. మీట ఎక్కడ ఉండాలి, నొక్కాక ఏం కనబడాలి, ఏం వినబడాలి, తప్పు నొక్కితే ఏం కావాలి అన్న ప్రశ్నలకు ఎవరో కూర్చుని జవాబు చెబితే తప్ప అలాంటి పెట్టె తయారు కాదు. ఇవాళ ఆ ప్రశ్నలే జీవనోపాధిగా పెట్టుకున్నవాళ్లను ఇంటరాక్షన్ డిజైనర్లు అంటున్నాం.

యంత్రాన్ని లోపల పనిచేయించేది ఇంజినీరు. పైన రంగు, అక్షరం, బొమ్మ దిద్దేది గ్రాఫిక్ డిజైనర్. ఆ యంత్రానికీ మనిషికీ మధ్య నడిచే మాటామంతీ ఒకటుంటుంది. నేను ఇది నొక్కితే అది ఏమంటుంది, అది అడిగినదానికి నేనేం చెప్పాలి, నేను తడబడితే అది ఓపిక పడుతుందా, కసురుకుంటుందా? ఆ సంభాషణను ముందుగానే ఊహించి, రాసి, పరీక్షించి పెట్టేది ఇంటరాక్షన్ డిజైనర్. ఏటీఎం, లిఫ్టు, టికెట్ యంత్రం, ఆస్పత్రిలో ఇన్ఫ్యూజన్ పంపు, మీ చేతిలోని ఫోను, అన్నిట్లోనూ ఆ సంభాషణ ఉంది. ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన చోట కూడా ఉంది, కాకపోతే అక్కడ దెబ్బ తినేది మనం.

పైలట్లను తిట్టడం మానేసిన రోజు

ఈ విద్యకు మూలాలు వెతుకుతూ పోతే కంప్యూటర్ కన్నా ముందు విమానం ఎదురవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాయుసేనకు ఒక వింత సమస్య వచ్చింది. బీ-17 బాంబర్లు క్షేమంగా నేల మీద దిగేవి. దిగాక, రన్‌వే మీద పరుగెడుతుండగా, పైలట్ రెక్కల ఫ్లాప్‌లు మడవబోయి చక్రాలు మడిచేసేవాడు. విమానం పొట్ట మీద కూలబడేది. ఇది పైలట్ల అజాగ్రత్త అని రాసుకున్నారు.

ఆల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. చక్రాల మీటా, ఫ్లాప్‌ల మీటా పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకేలా ఉన్నాయి. అదే యుద్ధంలో సీ-47 విమానం నడిపినవాళ్లు ఈ తప్పు చేయడం లేదు, ఎందుకంటే దాంట్లో ఆ రెండు మీటలు వేరువేరుగా ఉన్నాయి. ఆయన చేసిన చికిత్స చాలా చిన్నది. చక్రాల మీట చివర చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీట చివర రెక్క ఆకారంలో ఒక ముక్క తగిలించాడు. చీకట్లో, అలసటలో, తలతిప్పి చూడకుండానే చేతికి తేడా తెలిసింది. ఇప్పటికీ విమానాల్లో చక్రాల మీటకు చక్రం ఆకారమే ఉంటుంది.

నాకు ఈ కథలో ఎప్పటికీ పాతబడనిది ఆ చూపు మళ్లిన తీరు. అంతమంది శిక్షణ పొందిన మనుషులు ఒకే తప్పు, ఒకే చోట చేస్తుంటే ఆ తప్పు వాళ్లది ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్న అడగడం అలవాటైనవాడికి సగం విద్య వచ్చినట్టే.

తర్వాత టెలిఫోన్. ఇంట్లో కాలిక్యులేటర్ ఉంటే తీసి ఫోన్ పక్కన పెట్టి చూడండి. కాలిక్యులేటర్‌లో 7, 8, 9 పై వరుసలో ఉంటాయి. ఫోన్‌లో 1, 2, 3. బెల్ ల్యాబ్స్‌లో జాన్ కార్లిన్ బృందం రకరకాల అమరికలు చేసి, మనుషుల చేత నంబర్లు నొక్కించి, వేగం, తప్పులు లెక్కపెట్టి, వాళ్లకేది నచ్చిందో కూడా అడిగి ఈ వరుస ఖాయం చేసింది. 1963లో మీటల ఫోన్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అరవై ఏళ్ల తర్వాత మన వీధి చివరి ఏటీఎం మీదా అదే వరుస.

ఇంటరాక్షన్ డిజైన్ అన్న పేరు మాత్రం ల్యాప్‌టాప్‌తో వచ్చింది. మూత తెరిచి మూసే తొలి ల్యాప్‌టాప్‌లలో ఒకటైన గ్రిడ్ కంపాస్ 1982లో బయటికొచ్చింది. దాని రూపకర్త బిల్ మాగ్రిడ్జ్ అనే ఇంగ్లిష్ డిజైనర్. మొదటి నమూనా చేతికి రాగానే ఇంటికి తీసుకెళ్లాడు. మూత, మడత, ఆకారం, అన్నిటికీ ఏళ్ల తరబడి కష్టపడ్డ మనిషి. తెరిచి పని మొదలుపెట్టిన కాసేపట్లోనే ఆ పెట్టె సంగతి మర్చిపోయి, తెర మీద జరుగుతున్నదాంట్లో మునిగిపోయాడు. తాను ఇన్నాళ్లూ చేసింది సగం పనే అని అక్కడ తెలిసింది. మిగతా సగానికి పేరు కావాలి. 80ల మధ్యలో తోటి డిజైనర్ బిల్ వెర్‌ప్లాంక్‌తో కలిసి పెట్టిన పేరు ఇంటరాక్షన్ డిజైన్.

వెర్‌ప్లాంక్ ఆ తర్వాత విద్యార్థులకు ఈ వృత్తి మొత్తాన్ని మూడు ప్రశ్నల్లో బొమ్మ గీసి చెప్పేవాడు. ఎలా చేస్తాం? చేశాక ఎలా అనిపిస్తుంది? ఏం చేస్తే ఏమవుతుందో ఎలా తెలుస్తుంది? నీలం మీట మొదటిదానికి జవాబు. ఎర్ర దీపం, బీప్ రెండోదానికి. వరుసగా పేర్చిన పేర్లు, గుర్తులు మూడోదానికి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

ఆరు అంకెలు

మా అమ్మ తెనాలిలో ముప్పై రెండేళ్లు లెక్కల టీచరు. పదిహేడో ఎక్కం ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం మనవరాలి పుట్టినరోజుకు వెయ్యి రూపాయలు పంపుదామని బ్యాంకు యాప్ తెరిచింది. నేను పక్కన కూర్చున్నాను కానీ, తనే చేస్తానంది.

ఓటీపీ వచ్చింది. తెర పైన సన్నటి పట్టీలో మెరిసి, అమ్మ కళ్లజోడు సర్దుకునేలోగా మాయమైంది. మెసేజిల్లోకి వెళ్లింది, చదువుకుంది, పెదాల మీద అంకెలు కదుపుకుంటూ యాప్‌కు తిరిగొచ్చింది. యాప్ మొదటి పేజీకి వెళ్లిపోయి ఉంది. మళ్లీ ఖాతా నంబరు, మళ్లీ మొత్తం. రెండోసారి అంకెలు క్యాలెండర్ అంచు మీద పెన్సిల్‌తో రాసుకుంది. రాసి తలెత్తేసరికి గడువు దాటింది. మూడోసారి తొందరలో ఒక అంకె అటూ ఇటూ అయింది. గరిష్ఠ ప్రయత్నాలు ముగిశాయని, 24 గంటల తర్వాత రమ్మని ఎర్రక్షరాల్లో వచ్చింది.

అమ్మ ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది. "ఎంతమందికి లెక్కలు చెప్పానురా. ఆరంకెలు గుర్తుపెట్టుకోలేకపోయాను" అంది.

"తప్పు నీది కాదమ్మా" అన్నాను. నమ్మలేదు. నమ్మించడం చాలా కష్టం కూడా. యంత్రం ముందు ఓడిపోయిన మనిషి యంత్రాన్ని అనుమానించడు, తన వయసును, తన చదువును, తన బుర్రను అనుమానిస్తాడు. రైల్వే స్టేషన్‌లో టికెట్ యంత్రం ముందు నుంచి మౌనంగా పక్కకు తప్పుకున్న పెద్దమనిషి మొహంలో, ఆన్‌లైన్ దరఖాస్తు నింపలేక నెట్ సెంటర్ కుర్రాడికి పాస్‌వర్డ్ చెప్పేసిన మహిళ గొంతులో ఇదే ఉంటుంది. ఈ వృత్తి గురించి రాయాలని నాకు అనిపించింది ఆ మధ్యాహ్నమే.

ఇంటరాక్షన్ డిజైనర్ ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఏం చూసేవాడు? ఒకటి, బయటికెళ్లి వచ్చిన మనిషిని యాప్ గుర్తుపట్టలేదు, అప్పటిదాకా చేసిన పని పారేసింది. రెండు, గడువు పెట్టినవాళ్లు బహుశా తమ వేళ్ల వేగాన్నే కొలతగా తీసుకున్నారు. మూడు, గడువు ఎంత మిగిలిందో తెర మీద ఎక్కడా కనబడలేదు. భద్రత అవసరమే, దొంగల నుంచి అమ్మ డబ్బు కాపాడాల్సిందే. కానీ దొంగను ఆపే తాళం యజమానినీ ఆపుతోంది. భద్రత చూసేవాళ్లతో, కోడ్ రాసేవాళ్లతో, చట్టం చూసేవాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చుని, అక్కడ లేని మా అమ్మ తరఫున మాట్లాడటం డిజైనర్ ఉద్యోగంలో పెద్ద భాగం. దానికి గొంతు కావాలి, ఆధారం కావాలి.

ఆధారం చూడటంలోంచి వస్తుంది. ఈ వృత్తిలో మొదటి నేర్పు బొమ్మలు వేయడం కాదు, నోరు మూసుకుని చూడటం. ఒక మనిషి చేతికి నమూనా ఇచ్చి, ఒక పని అప్పజెప్పి, పక్కన కూర్చుంటారు. ఆ మనిషి తప్పు మీట వైపు వేలు తీసుకెళ్తుంటే "అది కాదండీ" అనాలని నాలుక చివరిదాకా వస్తుంది. అనకూడదు. వేలు ఎక్కడ ఆగింది, కళ్లు ఎక్కడ వెతికాయి, ఏ మాట దగ్గర నుదురు ముడిపడింది, అదంతా రాసుకోవాలి. ఐదుగురితో ఇలా చేస్తే ఒక డిజైన్‌లోని ప్రధాన లోపాలు చాలావరకు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ చాలాకాలంగా చెబుతున్నాడు. ఐదుగురు చాలరన్న వాదనా ఉంది. కానీ ఒక్కరితో కూడా చేయకుండా జనం మీదికి వదిలేసే యాప్‌లు ఎన్నో.

నమూనా అంటే ఖరీదైనది ఏమీ కాదు. తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో గీసిన తెరలు చాలు. మనిషి కాగితం మీద వేలు పెడితే, డిజైనర్ ఆ కాగితం తీసి తర్వాతిది పెడతాడు. కాగితాన్ని చించేయడం తేలిక, అందుకే మొదట కాగితం. ఫిగ్మా లాంటి పనిముట్లు తర్వాత వస్తాయి. వాటిని నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. ఏది చించేయాలో తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుంది.

కొలతలూ ఉన్నాయి. లక్ష్యం ఎంత దూరంలో ఉంటే, ఎంత చిన్నగా ఉంటే వేలు చేరడానికి అంత ఆలస్యమని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో సూత్రం కట్టాడు. పెద్ద ఫోన్‌లో పై మూలన ఉన్న చిన్న మీట బొటనవేలికి ఎందుకు అందదో అందులో ఉంది. సెకనులో పదో వంతులోపు జవాబొస్తే యంత్రం మన చేతిలో భాగంలా ఉంటుంది, ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది, పది సెకన్లు దాటితే మనసు ఇంకెటో పోతుంది. అంతసేపు పట్టేటప్పుడు ఏం జరుగుతోందో చెప్పాలి, లేకపోతే మనిషి మళ్లీ నొక్కుతాడు. డబ్బు రెండుసార్లు పోయిందేమోనన్న భయం అక్కడే పుడుతుంది.

మాటల బరువు కూడా తెలియాలి. 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే క్యాన్సర్ రేడియేషన్ యంత్రం ఆరుగురికి విపరీతమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. అసలు లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కానీ టెక్సాస్‌లో ఆపరేటర్‌కు తెర మీద కనబడింది 'మాల్‌ఫంక్షన్ 54' అన్న రెండు ముక్కలు మాత్రమే. రోజూ ఏవో అంకెలు చూపించే యంత్రం అది. ఒక మీట నొక్కితే మళ్లీ కొనసాగేది. నొక్కారు. లోపల మనిషి కాలిపోతున్నాడని ఆ అంకె చెప్పలేదు.

సబ్మిట్‌ను మన ఇళ్లలో ఏమంటారు?

తెలుగులో యాప్ ఇస్తున్నామంటూ చాలామంది చేసేది ఇంగ్లిష్ తెరకు అనువాదం అతికించడం. సబ్మిట్ అన్నచోట 'సమర్పించు'. దేవుడికి కొబ్బరికాయ సమర్పిస్తాం, దరఖాస్తును 'ఇస్తాం', 'పంపుతాం'. టికెట్ రద్దు చేసుకోవాలా అని అడిగి, కింద 'రద్దు', 'సరే' అని రెండు మీటలు పెడితే ఏది నొక్కితే టికెట్ మిగులుతుంది? 'టికెట్ ఉంచండి', 'టికెట్ రద్దు చేయండి' అని రాస్తే గొడవే లేదు. ఆ వాక్యం రాయడమూ డిజైనే.

అక్షరం కూడా అడ్డం తిరుగుతుంది. ఇంగ్లిష్ కోసం కొలిచిన వరుసల ఎత్తులో 'స్త్రీ' అన్న అక్షరం పడదు. పైన గుడిదీర్ఘం, కింద ఒకదాని కింద ఒకటి ఒత్తులు. కింది ఒత్తు కోసుకుపోయిన తెరలు నేను చాలా చూశాను. చదివేవాడు ఊహించుకుంటాడులే అని వదిలేస్తారు. ఒత్తు పోతే మాట మారిపోయే భాష మనది.

టైపింగ్ సంగతి ఇంకా లోతైనది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక 1986 నుంచి ప్రమాణంగా ఉంది, అయినా మనలో ఎక్కువమంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకుంటున్నాం. ఐఐటీ బొంబాయిలో చేసిన స్వరచక్ర అనే కీబోర్డు నాకు అందుకే ముచ్చటేస్తుంది. హల్లు మీద వేలు పెడితే దాని చుట్టూ గుణింతం చక్రంలా విచ్చుకుంటుంది. కా కావాలంటే అటు జరపడం, కి కావాలంటే ఇటు. పలక మీద గుణింతం దిద్దినవాడికి కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో వచ్చింది. మనిషి బుర్రలో అప్పటికే ఉన్న క్రమాన్ని కనిపెట్టి దాని మీద కట్టడం ఈ వృత్తిలో అన్నిటికన్నా అందమైన పని.

అలాంటిదే మన టిఫిన్ బండి మీది సౌండ్‌బాక్స్. 2016లో యూపీఐ వచ్చాక డబ్బు కళ్లకు కనబడటం మానేసింది. పెనం మీద మూడు దోసెలు, చేతికి పిండి, ఎదురుగా పది మంది. వచ్చిన డబ్బు ఫోన్ తీసి చూసుకునే తీరికెక్కడిది? దొంగ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ చిన్న డబ్బా తెలుగులో అంకె చెబుతుంది. బండాయన తలెత్తకుండానే వింటాడు, కొన్నవాడూ వింటాడు, పక్కవాళ్లూ వింటారు. కళ్లూ చేతులూ ఖాళీ లేనప్పుడు చెవి ఖాళీగా ఉందని గమనించినవాళ్లు ఎవరో గానీ, వాళ్లు బజారులో నిలబడి చూసినవాళ్లే అయి ఉండాలి.

కొన్నిసార్లు మంచి డిజైన్ అంటే ఒక తలుపు మూసేయడం. యూపీఐలో ఎదుటివాళ్ల నుంచి డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్ట్ ఉండేది. మోసగాళ్లు దాన్ని పట్టుకున్నారు. "మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అనేవారు. పిన్ కొట్టేది పంపడానికే తప్ప తీసుకోవడానికి కాదన్నది ఎంత ప్రచారం చేసినా ఎక్కలేదు. 2025 అక్టోబరు నుంచి వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్నే యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపించింది. జనానికి జాగ్రత్తలు చెప్పడం కన్నా ప్రమాదం ఉన్న మీటను తీసేయడం మేలు.

ఇదే నేర్పుతో

మనిషి వేలు ఎక్కడికి పోతుందో తెలిసినవాడు ఆ వేలిని పక్కదారీ పట్టించగలడు. తీసుకోనని చెప్పే మీటను లేత బూడిద రంగులో దాచడం, అడగని బీమాను బిల్లులో కలపడం, చేరడానికి ఒక్క నొక్కు పెట్టి బయటపడటానికి పది పేజీలు తిప్పడం. ఇలాంటివాటికి 2010లో డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. మన దేశంలో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వీటిలో 13 రకాలను పేరుపేరునా నిషేధించింది. వాటిలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒక డిజైనర్ గీసిందే. ఎంత కిందికి జరిపినా తరగని తెరను 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్ తర్వాత బహిరంగంగా బాధపడ్డాడు. కాబట్టి ఉద్యోగ ప్రకటనల్లో కనిపించని నేర్పు ఒకటుంది, ఇది నేను గీయను అని చెప్పగలగడం. ఈఎంఐలు కట్టుకునే వయసులో అది తేలిక కాదు. అయినా నేర్పాల్సిందే.

ఈ దారి ఎంచుకోవాలనుకునే పిల్లలకు నాలుగు మాటలు. ఐఐటీ బొంబాయిలో ఇంటరాక్షన్ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో, గువాహటిలో డిజైన్ విభాగాలున్నాయి. 2015లో ఆంధ్రప్రదేశ్‌కు ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వచ్చింది. ఐఐటీల్లో బి.డిజైన్‌కు యూసీడ్, ఎం.డిజైన్‌కు సీడ్ అనే ప్రవేశ పరీక్షలు రాస్తారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లతో పాటు మనస్తత్వ శాస్త్రం, సాహిత్యం చదివినవాళ్లూ ఈ పనిలో రాణిస్తున్నారు, ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

అహ్మదాబాద్‌లో 1961లో ఎన్ఐడీ పుట్టడానికి కారణమైన నివేదికను అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో రాశారు. మన దేశంలో తాము చూసిన వస్తువుల్లో అన్నిటికన్నా గొప్పదిగా వాళ్లు ఎంచింది చెంబును. ఎన్ని నీళ్లు పడతాయి, నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు బరువు ఎటు తూగుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, చంకలో ఎలా ఇముడుతుంది, చేతికి ఎలా తగులుతుంది. ఒక్క మనిషి గీసింది కాదది. తరాల చేతులు దిద్దినది. ఫోన్ తెరలకు అన్ని తరాల గడువు లేదు. అందుకే పక్కన కూర్చుని చూసే మనిషి కావాలి.

2024 మే 13న అమ్మను పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్లాను. అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకు ఒకటి, రెండు ఓట్లు. లోపల తడబడుతుందేమోనని గుమ్మం దగ్గర నిలబడ్డాను. రెండు నిమిషాలు కూడా కాలేదు, కొంగు సర్దుకుంటూ వచ్చేసింది.

"అప్పుడే అయిపోయిందా అమ్మా?"

"ఏముందిరా అందులో? నొక్కాను, చీటీ చూసుకున్నాను, మోగింది. రెండుసార్లూ మోగింది" అంది, ఆటో కోసం నాకన్నా ముందే రోడ్డు వైపు నడుస్తూ.